ముక్కు గొట్టం ఆరో వారం: మూసుకుపోతాంది, మనిషి చిక్కిపోతాండాడు. పెగ్ వేయించాలా వద్దా?

ఆదోని_పత్తి
మా పెదనాయనకు 61 ఏండ్లు. మెదడులో రక్తనాళం చిట్లి కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. పిలిస్తే కండ్లు తెరుస్తాడు, ఎడమ చెయ్యి బాగా ఆడుతుంది. నోట్లో చెంచాడు నీళ్ళు పోసినా దగ్గుతాడు. 14 నంబరు రైల్స్ ట్యూబుతో, అదే ముక్కు గొట్టంతో, ఇంటికి పంపినారు, ఇప్పుడు ఆరో వారం నడుస్తాంది.
ట్యూబు ఊరికే మూసుకుపోతాంది. 64 కిలోల మనిషి 55కి దిగినాడు. ఫిట్స్ మాత్ర రోజూ ఇస్తాండాం, అయినా మొన్న మళ్ళీ ఫిట్స్ వచ్చినాయి. డాక్టరు పెగ్ వేయిద్దాం, నేరుగా కడుపులోకి గొట్టం అంటాండారు. ఇంట్లో పెద్దోళ్ళు "కడుపుకు బొక్క పెట్టేది వద్దు, నాలుగు రోజులు చూద్దాం" అంటారు. ఆ నాలుగు రోజులు ఎప్పటికి అయిపోతాయో తెలీదు. తెలిసినోళ్ళు చెప్పండి.

గండికోట_గాలి
పెగ్ జోలికి పోవద్దు. ముక్కు గొట్టంతో ఏండ్లు గడిపినోళ్ళు ఉండారు.

ఎండోస్కోపీ_గది
ఉన్నారు. వాళ్ళ ముక్కు రంధ్రం అంచున పుండ్లు, సైనస్ ఇన్ఫెక్షన్లు, అన్నవాహిక కింది భాగంలో ఒరుసుకుపోయిన పుండ్లు కూడా ఉన్నాయి. గడపడం వేరు, బాగుండడం వేరు.

వార్డు_సిస్టరమ్మ
పెగ్ సంగతి తర్వాత. ఆదోని, ముందు ఇది రాయి: ఏం పోస్తున్నారు, ఎంత, ఎన్నిసార్లు, మాత్రలు ఎట్ల ఇస్తున్నారు, పోసేటప్పుడు మనిషి ఎట్ల పడుకుని ఉంటాడు.

ఆదోని_పత్తి
3 గంటలకోసారి, రోజుకు 6 సార్లు, 200 మి.లీ. చొప్పున. గంజి రెండుసార్లు. పాలు రెండుసార్లు, సగం నీళ్ళు కలిపి. రాగి జావ ఒకసారి, రెండు చెంచాల పిండితో. టెంకాయ నీళ్ళు ఒకసారి. చక్కెర రోజు మొత్తానికి నాలుగు చెంచాలు. ఉప్పు వెయ్యం, బీపీ ఉంది కదా. ఆదివారం మేక కాళ్ళ సూపు. మాత్రలన్నీ ఒకటిగా నూరి జావలో కలిపి పోస్తాం. మంచం తలవైపు కోళ్ళ కింద రెండు ఇటుకలు పెట్టినాం.

బజ్జీలబండి
కాళ్ళ సూపు బలమని చెప్పిన చుట్టం ఎవరో గాని, ట్యూబుకు మాత్రం శత్రువు.

వార్డు_సిస్టరమ్మ
బజ్జీ నవ్విస్తున్నాడు గాని నిజమే. కాళ్ళ సూపు చల్లారితే జిగురుగా గడ్డ కడుతుంది. గొట్టంలో మిగిలిన పది మి.లీ. చాలు, సోమవారం పొద్దున్నకి మూసుకుపోతుంది. ఆదివారం సూపు, తర్వాత బ్లాకు. తేదీలు కలిపి చూసుకో.

కొలతచెంచా
పైన రాసిన లెక్క వేశాను. పాలు నికరంగా 200 మి.లీ., అంటే 120 కేలరీలు. గంజి రెండు గ్లాసులకు మహా అయితే 90. రాగి పిండి 20 గ్రాములకు 65. టెంకాయ నీళ్ళు 40. చక్కెర 80. మొత్తం 400 దరిదాపు. ప్రొటీను 10 గ్రాములు కూడా దాటదు.
55 కిలోల మనిషికి కిలోకు 25 నుంచి 30 కేలరీలు, అంటే 1400 నుంచి 1650 కావాలి. ప్రొటీను కిలోకు 1 నుంచి 1.2 గ్రాములు, అంటే 55 నుంచి 66. వీపు మీద పుండు పడితే 1.5 దాకా. మీరు పోసేది మూడో వంతు కూడా లేదు. మనిషి చిక్కడానికి పక్షవాతం కారణం కాదు, ఆకలి.

ఆదోని_పత్తి
కడుపు నిండినట్టే ఉంటాడు గదా అనుకుంటిమి. 1200 మి.లీ. పోతాంది.

కొలతచెంచా
కొలత పాత్ర నిండింది, లోపల ఉన్నది నీళ్ళు. గొట్టంలో దిగాలని పలచన చేస్తూ పోతే జరిగేది ఇదే. పలచన వేరు, సత్తువ తక్కువ వేరు. పలచగా ఉండి కూడా సత్తువ ఉండేట్టు చేయొచ్చు, మన రాయలసీమలో అయితే ఇంకా సులభం. మొలకెత్తిన రాగుల పిండి వాడండి. మామూలు రాగి పిండి ఉడికితే పిండిపదార్థం నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది, 20 గ్రాములకే చిక్కబడుతుంది. మొలక వచ్చేటప్పుడు గింజలో అమైలేజ్ అనే ఎంజైము తయారవుతుంది, అది పిండిపదార్థాన్ని ముక్కలు చేస్తుంది. అందుకే అదే గ్లాసులో రెండింతల పిండి పట్టినా జారుడుగానే ఉంటుంది.
రాగులు 12 గంటలు నాననిచ్చి, తడిగుడ్డలో మూటకట్టి ఒక రోజు నుంచి రెండు రోజులు ఉంచి, మొలకలు రాగానే ఎండబెట్టండి. సన్న సెగ మీద కొద్దిగా వేయించండి చాలు. మాడ్చితే ఆ ఎంజైము చచ్చిపోతుంది, ఇక మామూలు పిండికీ దానికీ తేడా ఉండదు. జావ కాచి దించాక చెయ్యి పెట్టలేనంత వేడి మీద ఒక చెంచా మొలక పిండి కలిపి పది నిమిషాలు ఉంచినా పలచబడుతుంది. తర్వాత మళ్ళీ ఒక పొంగు రానివ్వాలి.

గండికోట_గాలి
ఇంత కష్టం ఎందుకు, డబ్బా పౌడరు కొనుక్కుంటే పోలా?

కొలతచెంచా
కొనొచ్చు. డబ్బా మీద రాసినట్టు కలిపితే మి.లీ.కి ఒక కేలరీ వస్తుంది, కొలత మారదు, వడపోసే పని లేదు. ఇల్లు శుభ్రంగా లేకపోయినా, మనిషికి మాటిమాటికీ విరేచనాలు అవుతున్నా నేనూ అదే చెప్తాను. గొడవంతా ఖర్చుతో. ఒక డబ్బా పది రోజులు రావాలని గ్లాసు నీళ్ళలో రెండు స్కూపులు వేస్తారు. అప్పుడది ఖరీదైన గంజి.
ఇంటి ఫీడుకు ఒక లెక్క ఇస్తాను, రోజు మొత్తానికి: టోన్డ్ పాలు 750 మి.లీ., మొలక రాగి పిండి 60 గ్రాములు, బియ్యం 60 గ్రాములు, పెసరపప్పు 60 గ్రాములు, ఉడికించిన కోడిగుడ్లు 2, చెనిక్కాయ నూనె 30 మి.లీ., చక్కెర 20 గ్రాములు. సుమారు 1500 కేలరీలు, ప్రొటీను 58 గ్రాములు. బియ్యం, పప్పు కుక్కర్లో నాలుగైదు విజిల్స్ ఎక్కువ రానిచ్చి మెత్తగా ఉడికించి, గుడ్డు, నూనె కలిపి మిక్సీ పట్టి, టీ జాలిలో రెండుసార్లు వడపోయాలి. గుడ్డు పచ్చిది వద్దు, సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి భయం ఉంది. నిమ్మరసం, పండ్ల రసం పాలతో కలవకూడదు. విరిగితే గొట్టంలోనే పెరుగవుతుంది.
షుగరు ఉంటే ఈ చక్కెర తీసేయండి. ఇన్సులిన్ వేసి ఫీడు మానేయడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు.

బజ్జీలబండి
30 మి.లీ. నూనెకే మా బండి సిగ్గుపడుతుంది. అయినా చెనిక్కాయ నూనె గొట్టంలో పోస్తారని ఈరోజే తెలిసింది.

కొలతచెంచా
బరువు తక్కువ, సత్తువ ఎక్కువ. ఒక చెంచా నూనెకు 45 కేలరీలు, గంజి గ్లాసుడు పోస్తే కూడా అంతే. ఫీడులో కలిసిపోయేలా మిక్సీలోనే వెయ్యాలి, పైన పోస్తే తేలిపోయి గొట్టం గోడకు అంటుకుంటుంది.

వార్డు_సిస్టరమ్మ
చెంచా గారూ, ఒకటి కలపండి. రేపటి నుంచే 1500 మొదలుపెడతాడేమో.

కొలతచెంచా
అవును, ఇది ముందే రాయాల్సిన మాట. ఇన్ని వారాలు 400 మీద ఉన్న ఒంటికి ఒక్కసారిగా పూర్తి ఆహారం పెట్టకూడదు. రక్తంలో ఫాస్ఫేటు, పొటాషియం, మెగ్నీషియం ఒక్కసారిగా కణాల్లోకి పోయి గుండె లయ తప్పుతుంది, ఊపిరి బలహీనపడుతుంది. రీఫీడింగ్ అంటారు. ముందు ఆ మూడు పరీక్షలు చేయించి, డాక్టరుతో చెప్పి థయమిన్ (బి1 విటమిన్) మొదలుపెట్టి, 600, 700 దగ్గర ఆరంభించి వారం రోజుల్లో 1500కి ఎక్కించండి. మధ్యలో రెండుసార్లయినా రక్తపరీక్ష. కాళ్ళు వాచినా, ఆయాసం వచ్చినా ఆగి డాక్టరుకు చూపించాలి.
ఉప్పు కూడా. బీపీ ఉందని మొత్తం ఆపేయడం తప్పు. మెదడు దెబ్బతిన్నవాళ్ళలో సోడియం మామూలుగానే కింద మీద అవుతుంది. అది పడిపోతే మనిషి మత్తుగా ఉంటాడు, ఫిట్స్ వస్తాయి, ఇంట్లోవాళ్ళు మళ్ళీ స్ట్రోక్ వచ్చిందనుకుంటారు. డాక్టరు వద్దనకపోతే రోజుకు అర చెంచా ఉప్పు ఫీడులోనే కలపండి. సోడియం కూడా ఆ పరీక్షల్లోనే చూడమనండి.

మందులకొట్టు_ప్రొద్దుటూరు
ఫిట్స్‌కు ఏం మాత్ర? ఫెనిటాయిన్ అయితే కారణం నీ జావలోనే ఉండాది.

ఆదోని_పత్తి
ఫెనిటాయిన్ 100, పూటకొకటి, మూడు పూటలా. వాల్ప్రోయేట్ కూడా ఒకటి ఉంది, పెద్ద మాత్ర, క్రోనో అని రాసుంది.

మందులకొట్టు_ప్రొద్దుటూరు
రెండూ తప్పే పోతాండాయి.
ఫెనిటాయిన్ ఫీడుతో కలిస్తే పేగుల్లోంచి రక్తంలోకి సరిగా ఎక్కదు, మోతాదు పడిపోతాది. మాత్రకు ముందు ఒక గంట నుంచి రెండు గంటలు, తర్వాత అంతే సేపు ఫీడు ఆపాల. మూడు పూటలా అట్ల ఆపితే తిండికి టైమే మిగలదు. అందుకే డాక్టరును అడిగి రాత్రికి ఒకే మోతాదు చేయించుకోండి, లేదంటే లెవెటిరాసెటామ్ సిరప్‌కు మార్చమనండి. దానికి ఈ తంటా లేదు. సొంతంగా ఆపొద్దు, మార్చొద్దు. రక్తంలో ఫెనిటాయిన్ లెవలు చూడమని కూడా అడగండి. ఇంగో మాట: రేపు ఫీడు దూరం పెట్టినాక అదే మోతాదు ఎక్కువై మనిషి తూలినట్టు, మత్తుగా అయ్యే పని ఉంది. అందుకే లెవలు.
క్రోనో మాత్ర నూరకూడదు. రోజంతా కొంచెం కొంచెంగా కరిగేలా చేసినది నూరితే అంతా ఒక్కసారి దిగుతాది, తర్వాత ఖాళీ. వాల్ప్రోయేట్ సిరప్ ఉంది, దాన్ని మోతాదు లెక్కకట్టి రోజుకు రెండు మూడు సార్లు ఇస్తారు. ఆసిడ్ తగ్గించే ప్యాంటోప్రజోల్ వాడుతుంటే అది కూడా పైపూత మాత్రే, నూరితే పూత పోయి కడుపులో ఆసిడ్‌కే పాడవుతాది.

వార్డు_సిస్టరమ్మ
నూరదగ్గ మాత్రలయినా విడివిడిగా. ఒక్కోటి మెత్తగా పొడి చేసి 15 మి.లీ. గోరువెచ్చటి నీళ్ళలో కలిపి, ఒక మందుకీ ఇంకో మందుకీ మధ్య 10 మి.లీ. నీళ్ళు, చివర 30. ఫీడులో ఎప్పుడూ కలపొద్దు. మందు ఎంత పోయిందో తెలియదు, గొట్టమూ పూడుకుంటుంది. ఐరన్, కడుపు పుండుకిచ్చే సుక్రల్‌ఫేట్ ముఖ్యంగా.

మందులకొట్టు_ప్రొద్దుటూరు
సిరప్‌లు ఎక్కువైతే విరేచనాలు. చానా సిరప్‌లలో తీపికి సార్బిటాల్ వేస్తారు. ఫీడు పడలేదని జనం ఫీడు మారుస్తాంటారు.

గుత్తి_జంక్షన్
మూసుకుపోయినప్పుడు కూల్‌డ్రింకు పోస్తే విడిపోతాదని విన్నాం. మా తమ్ముడు బండి యాక్సిడెంటు కేసు, తలకు దెబ్బ, 24 ఏండ్లు.

వార్డు_సిస్టరమ్మ
వద్దు. అది పులుపు, పాల ప్రొటీన్‌ను ఇంకా గడ్డకట్టిస్తుంది. 20, 30 మి.లీ. గోరువెచ్చటి నీళ్ళు, 50 మి.లీ. సిరంజితో నెమ్మదిగా లోపలికి, వెనక్కి. పోకపోతే నీళ్ళు లోపలే ఉంచి క్లిప్పు వేసి 20 నిమిషాలు ఆగి మళ్ళీ. చిన్న సిరంజి వాడొద్దు. 2, 5 మి.లీ. సిరంజిలో ఒత్తిడి చానా ఎక్కువ, గొట్టం లోపల పగులుతుంది. తీగ, సైకిల్ స్పోకు, చీపురు పుల్ల లాంటివి ససేమిరా. నవ్వకండి, పెట్టేవాళ్ళు ఉన్నారు.
మూసుకుపోకుండా అసలు చిట్కా, ఫీడుకు ముందూ వెనకా 30 మి.లీ. నీళ్ళే. ఫీడు అయిన వెంటనే నీళ్ళు పోయని గొట్టం కర్నూలు ఎండలో మధ్యాహ్నానికి లోపల ఎండి పోతుంది.
ఇక ఇటుకలు. రెండు ఇటుకలంటే 15 సెం.మీ., ఆరడుగుల మంచానికి 5 డిగ్రీల వాలు కూడా రాదు. మనకు కావలసింది 30 నుంచి 45 డిగ్రీలు. నడుము దగ్గర నుంచి వీపంతా ఎత్తాలి. ఒక్క మెడ కింద దిండు పెడితే పొట్ట మడతపడి ఫీడు పైకే వస్తుంది. దొరికితే తిప్పే హ్యాండిల్ ఉన్న మంచం అద్దెకు తెచ్చుకోండి. పోసాక గంట సేపు దించొద్దు. ఫిజియో, వీపు తుడవడం, డైపరు మార్చడం అన్నీ ఫీడుకు ముందే.
పోసేటప్పుడు సిరంజి పిస్టను తీసేసి, పొట్ట కంటే ఒక మూర ఎత్తున పట్టుకుని దానంతట అది దిగనివ్వాలి. 250 మి.లీ.కి 20 నిమిషాలు. సిరంజి నింపే ప్రతిసారీ గొట్టం మడిచి పట్టుకోవాలి, లేకపోతే గాలి పోయి కడుపు ఉబ్బుతుంది. పిస్టనుతో నెట్టి మూడు నిమిషాల్లో అయిపోయింది అనుకుంటే వాంతి ఖాయం.

గండికోట_గాలి
గొట్టం కడుపులోనే ఉందా అని మావాళ్ళు స్టెత్ పెట్టి గాలి కొట్టి బుడబుడ శబ్దం వింటారు. అది చాలదా?

వార్డు_సిస్టరమ్మ
చాలదు. గొట్టం ఊపిరితిత్తి అడుగున ఉన్నా ఆ శబ్దం పొట్ట మీద వినిపిస్తుంది. కొస నీళ్ళలో ముంచి బుడగలు చూడడం కూడా అంతే. కొత్తగా వేసినప్పుడు ఎక్స్‌రే. ఆ తర్వాత ప్రతి ఫీడుకు ముందు మూడు: ముక్కు దగ్గర వేసిన గుర్తు కదిలిందా, నోట్లో టార్చి వేస్తే గొట్టం చుట్ట చుట్టుకుని కనిపిస్తుందా, సిరంజితో లాగితే వచ్చిన ద్రవం పీహెచ్ పేపరు (ఆసిడ్ ఎంతుందో రంగుతో చూపేది) మీద 5.5 లేదా అంతకంటే తక్కువ ఉందా. ఆసిడ్ తగ్గించే మందులు వాడేవాళ్ళలో పీహెచ్ పైకి చూపిస్తుంది. అప్పుడు ఫీడుకు ముందు, వీలైనంత ఖాళీ కడుపు మీద చూడాలి. అనుమానం తీరకపోతే పోయొద్దు.

ఎండోస్కోపీ_గది
మత్తులో ఉన్న మనిషి గొట్టం గాలిగొట్టంలో ఉన్నా దగ్గకపోవచ్చు. "దగ్గలేదు కాబట్టి సరిగ్గానే ఉంది" అనుకోవద్దు.

ఆదోని_పత్తి
ఇవన్నీ సరిచేసుకుంటే ఇంగ పెగ్ అక్కర లేదా?

ఎండోస్కోపీ_గది
అక్కర ఉందా లేదా అన్నది ఇంకెన్ని వారాలు గొట్టం కావాలి అన్న దాన్ని బట్టి. స్ట్రోక్‌లో మొదటి రెండు మూడు వారాలు ముక్కు గొట్టమే మేలు. 2005లో లాన్సెట్ వైద్యపత్రికలో వచ్చిన ఫుడ్ (FOOD) అనే అధ్యయనంలో 321 మంది స్ట్రోక్ రోగులను పోల్చి చూశారు. తొందరపడి మొదట్లోనే పెగ్ వేసినవాళ్ళ ఫలితం ముక్కు గొట్టం వాళ్ళకంటే బాగా ఏమీ లేదు, కాస్త అధ్వానంగానే ఉంది. కాబట్టి తొందర వద్దు అన్న పెద్దవాళ్ళ మాట మొదటి నెలలో సబబే. నాలుగు నుంచి ఆరు వారాలు దాటి, ఇంకా మింగలేకపోతుంటే, మనిషి నిలకడగా ఉంటే అప్పుడు పెగ్. మీరు సరిగ్గా ఆ గీత మీద ఉన్నారు.
మామూలు పీవీసీ రైల్స్ ట్యూబు వారం పది రోజులకే గట్టిపడుతుంది, మహా అయితే 14 రోజులు వస్తుంది. మీది మార్చారా?

ఆదోని_పత్తి
బ్లాకు అయినప్పుడు మారుస్తాండారు.

ఎండోస్కోపీ_గది
కనీసం పెగ్ తేలేదాకా పాలీయురిథేన్ సన్న గొట్టం, 10 లేక 12 నంబరు, అడగండి. మెత్తగా ఉంటుంది, నెల పైనే ఉంటుంది, ముక్కు తక్కువ కోస్తుంది. సన్నది కాబట్టి వడపోత ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

గండికోట_గాలి
పెగ్ వేస్తే నిమోనియా రాదు అని చెప్పే వేయిస్తారు. అది అబద్ధం అని మాత్రం చెప్పగలను.

మింగుడు_థెరపీ
ఈ మాటలో గండికోట గారిదే ఒప్పు. మనిషి మింగలేనప్పుడు సొంత లాలాజలమే ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. ముక్కు గొట్టమైనా పెగ్ అయినా అది ఆపదు. ఫీడు పైకి తన్నడం కూడా ఆపదు. నిమోనియా తగ్గాలంటే నోరు కడగాలి. "నోటితో ఏమీ తినడం లేదు కదా" అని ఆరు వారాలు పళ్ళు తోమని ఇళ్ళే ఎక్కువ. పాచి పట్టిన నోట్లోని సూక్ష్మజీవులు ఆ లాలాజలంతో కలిసి దిగుతాయి. రోజుకు రెండుసార్లు మెత్తటి బ్రష్‌తో, పక్కకు తిప్పి పడుకోబెట్టి, నీళ్ళు తక్కువగా వాడి, కట్టు కట్టే పలచటి గాజ్ గుడ్డతో తుడిచేయండి. నాలుక, అంగిలి కూడా.
పెగ్‌తో దొరికేది వేరు: ముక్కు ఊపిరి ఖాళీ, లాగేసే గొడవ తగ్గుతుంది, ఫీడు పూర్తిగా అందుతుంది, మింగే కసరత్తు గొంతులో గొట్టం అడ్డు లేకుండా చేయొచ్చు. పెగ్ వేయడమంటే ఇక నోటితో తినడని తీర్పు ఇచ్చినట్టు కాదు. స్ట్రోక్ వాళ్ళలో చాలామందికి వారాల్లోనో నెలల్లోనో మింగడం కొంతైనా తిరిగి వస్తుంది, వస్తే పెగ్ తీసేస్తారు. దగ్గు వస్తుంది అన్నారు కదా, అది మంచి గుర్తే, రక్షణ కొంత మిగిలి ఉంది. అలాగని ఇంట్లో నీళ్ళు పోసి పరీక్షలు చేయొద్దు. నెలకోసారి మింగుడు పరీక్ష చేయించండి.

పెన్నేరు
నా ప్రశ్న వేరు. మా అత్తమ్మకు అల్జీమర్స్, 82. తినడం మానేసింది, ముద్ద నోట్లోనే పెట్టుకుని ఉంటుంది. పెగ్ వేయిస్తే బాగా తింటుందని ఒకరు చెప్పారు.

మింగుడు_థెరపీ
అక్కా, మీ కేసుకు నా జవాబు దాదాపు తిరగబడుతుంది. ముదిరిన డిమెన్షియాలో గొట్టం ఫీడుతో ఆయుష్షు పెరిగినట్టుగానీ, నిమోనియా, పుండ్లు తగ్గినట్టుగానీ తేలలేదు. అమెరికా వృద్ధవైద్య సంఘం, యూరప్ పోషకాహార సంఘం రెండూ వద్దనే చెప్తాయి. పైగా గొట్టం లాగకుండా చేతులు కట్టేయాల్సి వస్తుంది. చేత్తో ఓపికగా తినిపించడమే దారి: నిటారుగా కూర్చోబెట్టి, చెంచాడు చెంచాడుగా, మింగారో లేదో చూసి రెండోది. మెత్తటి సంగటి, పెరుగన్నం, ఇష్టమైన తీపి. టీవీ ఆపేయండి. అయితే ముందు నోట్లో పుండు, ఊడిన కట్టుడు పళ్ళు, మలబద్ధకం, కొత్తగా మొదలుపెట్టిన మత్తు మాత్రలు ఉన్నాయేమో చూడండి. హఠాత్తుగా మానేశారంటే చాలాసార్లు కారణం వీటిలోనే దొరుకుతుంది.

పెన్నేరు
పది రోజుల కిందట నిద్ర మాత్ర మార్చారు. రేపే అడుగుతాను.

బజ్జీలబండి
కండరాలు ఒక్కొక్కటే పడిపోయే మోటార్ న్యూరాన్ జబ్బుకు కూడా చివర్లోనే వేస్తారా?

ఎండోస్కోపీ_గది
అక్కడ ఉల్టా, ముందే వేయాలి. ఊపిరి బలం, అంటే ఎఫ్‌వీసీ, 50 శాతం కంటే కిందికి దిగాక మత్తిచ్చి ఎండోస్కోపీ చేయడం ప్రమాదం. మింగడం ఇంకా కొంత ఉండగానే వేయించుకుంటారు. జబ్బును బట్టి జవాబు. అందరికీ ఒకే సలహా ఇచ్చేవాళ్ళ మాట వినొద్దు, నాతో సహా.

గుత్తి_జంక్షన్
మా తమ్ముడు చేత్తో గొట్టం లాగేస్తాండాడు. చేతులు మంచానికి కట్టేస్తే గింజుకుని మణికట్లు పుండ్లు అయినాయి.

వార్డు_సిస్టరమ్మ
తాడు తీసేయండి. దూది, గుడ్డ నింపి గుండ్రటి చేతి సంచులు కుట్టించండి, వేళ్ళు పట్టు దొరకకూడదు అంతే, చెయ్యి ఆడొచ్చు. రెండు గంటలకోసారి విప్పి వేళ్ళు చాపించి చూడాలి. గొట్టాన్ని ముక్కు నుంచి కంటి ముందు వేలాడనివ్వకుండా చెంప మీదుగా చెవి వెనక్కి తిప్పి చొక్కా వెనక పిన్ను పెట్టండి. కనపడకపోతే లాగడం సగం తగ్గుతుంది. ముక్కు మీద ప్లాస్టరు రోజూ మార్చాలి, చెమటకు ఊడుతుంది. గొట్టం ముక్కు రంధ్రం అంచుకు ఒత్తుకోకుండా, కాస్త కిందికి దిగాకే చెంప మీదికి తిప్పి అంటించాలి. మార్చినప్పుడల్లా రెండో రంధ్రం.
కొత్తగా లాగుతున్నాడంటే ఒకసారి పొట్ట, మూత్రం సంచి, జ్వరం చూడండి. చెప్పలేని మనిషి ఇబ్బందిని చేత్తోనే చెప్తాడు.

రాతపని_రాయుడు
ఒక పక్క మాట. పూర్తిగా మంచానికి పరిమితమైన పక్షవాతం వాళ్ళకు ఆంధ్ర ప్రభుత్వ ఎన్టీఆర్ భరోసాలో నెలకు 15,000 పింఛను ఉంది. వైకల్యం ఎంతో తేల్చే సదరం సర్టిఫికెట్ కావాలి, సచివాలయంలో స్లాట్ అడగండి. ఫీడు ఖర్చుకు పనికొస్తుంది. పెగ్ వేయించే ముందు ఆ ఆసుపత్రి ఎన్టీఆర్ వైద్యసేవ కౌంటరులో మీ కేసు వస్తుందో లేదో చేర్చక ముందే అడగండి, తర్వాత కాదు.

గుత్తి_జంక్షన్
రాయుడన్నా, ఇట్లనే ఏండ్లు గడిస్తే, స్పృహ రాకపోతే, గొట్టం తీసేయమని అడిగే హక్కు ఇంట్లోవాళ్ళకు ఉందా? ఇప్పుడే కాదు, తెలుసుకుందామని.

రాతపని_రాయుడు
2018 మార్చి 9న సుప్రీంకోర్టు కామన్ కాజ్ తీర్పులో బాగయ్యే ఆశ లేని వాళ్ళ విషయంలో చికిత్స ఉపసంహరణకు షరతులతో దారి ఇచ్చింది. 2023 జనవరిలో ఆ షరతులు తేలిక చేసింది. ఆసుపత్రిలో ముగ్గురు డాక్టర్ల మొదటి బోర్డు, తర్వాత మరో ముగ్గురి రెండో బోర్డు చూసి చెప్పాలి. ఇట్లాంటి చికిత్స వద్దని ముందుగానే విల్లు (లివింగ్ విల్) రాసుకునేవాళ్ళు నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ముందు సంతకం పెట్టొచ్చు. ఇంట్లో ఎవరికి వాళ్ళు ఫీడు ఆపేయడం ఆ దారి కాదు. 24 ఏండ్ల తల దెబ్బకు న్యూరో డాక్టరుతో మాట్లాడకుండా ఈ ఆలోచన వద్దు, నెలల తర్వాత కూడా మార్పు వచ్చేవాళ్ళు ఉంటారు.

ఆదోని_పత్తి
సరే, ఇంట్లో చూపించినా అందరికీ. మా నాయన మెత్తబడినాడు. కడుపు కోయడం ఎంత ఉంటాది, ఆ తర్వాత ఏం చూసుకోవాల?

ఎండోస్కోపీ_గది
కోయడం అనేంత లేదు. ఎండోస్కోప్, అంటే లైటున్న కెమెరా గొట్టం, నోట్లోంచి కడుపులోకి పోతుంది, దాని వెలుతురు పొట్ట మీద బయటికి కనిపించే చోట మత్తు సూది ఇచ్చి సెంటీమీటరు లోపు గాటు. పెగ్ గొట్టం నోట్లోంచి లాగి పొట్టలోంచి బయటికి తెస్తారు. అరగంట పని. 1980 నుంచి ఇదే పద్ధతి. ముందు ఒక యాంటీబయాటిక్ మోతాదు ఇస్తారు. రక్తం గడ్డకట్టే పరీక్ష, ప్లేట్‌లెట్లు చూస్తారు. కడుపులో నీరు చేరినవాళ్ళకు, ముందే కడుపు ఆపరేషన్ అయినవాళ్ళకు ఇది కుదరకపోవచ్చు, వాళ్ళకు సర్జన్ వేరే దారి చూస్తారు. నాలుగు గంటల తర్వాత నీళ్ళు, ఆనక ఫీడు.
గొట్టం జారకుండా కడుపు లోపల ఒక బిళ్ళ, బయట ఒక బిళ్ళ ఉంటాయి. బయటిది చర్మానికి బిగుతుగా ఉండకూడదు. మొదటి రోజు గడిచాక అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు వదులు ఉండాలి. గొట్టం మీద అంకెలు ఉంటాయి, చర్మం దగ్గర ఏ అంకె ఉందో డిశ్చార్జి కాగితం మీద రాయించుకోండి. దారి మానాక, అంటే పది రోజుల తర్వాత నుంచి, వారానికోసారి బిళ్ళ వదులు చేసి గొట్టాన్ని రెండు మూడు సెం.మీ. లోపలికి నెట్టి, గుండ్రంగా తిప్పి, మళ్ళీ పాత అంకె దగ్గరికి లాగాలి. ఇది చేయని ఇళ్ళలో లోపలి బిళ్ళ కడుపు గోడలోకి కూరుకుపోతుంది. గొట్టం కదలకపోవడం, ఫీడు పోకపోవడం, చుట్టూ కారడం దాని గుర్తులు. కారుతోందని బిళ్ళ ఇంకా బిగిస్తారు చూడండి, అదే పెద్ద తప్పు.

వార్డు_సిస్టరమ్మ
చుట్టూ రోజూ సబ్బునీళ్ళతో తుడిచి పొడిగా ఉంచాలి. పసుపు, పౌడరు, కొబ్బరినూనె ఏవీ పూయొద్దు. గుడ్డ బిళ్ళ కింద దూర్చొద్దు, పైన వేయండి. లుంగీ ముడి గొట్టం కిందికి రావాలి.

ఆదోని_పత్తి
రాత్రిపూట ఊడిపోతే? కర్నూలుకు రెండు గంటల పైమాటే.

ఎండోస్కోపీ_గది
వేసి నాలుగు వారాలు కాకముందే ఊడితే ఎవరూ తిరిగి దూర్చొద్దు. లోపలి కడుపు సంచి గోడ బయటి పొట్ట గోడకు ఇంకా అతుక్కుని ఉండదు, గొట్టం ఆ రెండింటి మధ్య ఖాళీలోకి పోతుంది. అక్కడ ఫీడు పోస్తే ప్రాణం మీదికి వస్తుంది. గుడ్డ కప్పి పెద్దాసుపత్రికే.
నాలుగు వారాలు దాటాక అయితే తొందర ఇంకో రకంది: ఆ రంధ్రం కొన్ని గంటల్లోనే మూసుకుపోవడం మొదలవుతుంది. ఆదోని ఏరియా ఆసుపత్రికి పోయి అదే సైజు ఫోలీ కాథెటర్ (మూత్రానికి వేసే గొట్టం) పెట్టించుకోండి, దారి నిలుస్తుంది. ఒకటి ఇంట్లో కొని పెట్టుకోవడం మేలు. కొత్త గొట్టం పెట్టి, లోపల ఉందని తేల్చేదాకా దాంట్లో ఏమీ పోయొద్దు. తర్వాత మార్చేది లోపల నీళ్ళ బుడగతో నిలిచే బెలూన్ రకం అయితే మూడు నుంచి ఆరు నెలలే వస్తుంది. బెలూన్‌లో ఉప్పునీళ్ళు కాదు, స్టెరైల్ నీళ్ళే. వారానికోసారి తీసి కొలిచి మళ్ళీ నింపాలి.

గండికోట_గాలి
నా మాట కొంచెం సవరించుకుంటా: ఆరు వారాలు దాటినోళ్ళకు, చూసుకునే మనిషి ఇంట్లో ఉంటే, సరే. చూసుకునే మనిషి లేని ఇంట్లో ఏ గొట్టమైనా ఒకటే.

కొలతచెంచా
ఫీడు నిలవ గురించి ఎవరూ అడగలేదు. మిక్సీ పట్టినది బయట రెండు గంటలు, ఎండాకాలం అంతకు ముందే పారేయండి. ఫ్రిజ్‌లో 24 గంటలు, తీసినది గోరువెచ్చగా చేసి. కరెంటు పోయిన రోజు ఫ్రిజ్‌ను నమ్మొద్దు. సిరంజి ప్రతిసారీ సబ్బుతో కడిగి ఆరబెట్టండి, రోజుల తరబడి ఒకటే వద్దు.

ఆదోని_పత్తి
పీహెచ్ పేపరు ఇక్కడ మందుల కొట్లో లేదంట. ఒకాయన లిట్మస్ చాలు అన్నాడు.

మందులకొట్టు_ప్రొద్దుటూరు
లిట్మస్ వద్దు. ఎర్రబడితే పులుపు అని మాత్రం చెప్తాది, 5.5కి కిందా పైనా తేడా చెప్పదు. రక్తపరీక్ష ల్యాబులకు సామాన్లు అమ్మే చోట అడుగు, 0 నుంచి 6 దాకా అర అంకె చొప్పున రంగులు చూపించే స్ట్రిప్పులు తీసుకో. మూత తీసినాక చెమ్మ తగలకుండా పెట్టుకోవాల, రంగు పాడవుతాది.